గేటు దాకా లెక్క

అసలు తప్పు ఆ నాలుగు గదుల దగ్గరే మొదలైందేమో, ఒకే గది ఉండి నలుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉంటే ఎవడో ఒకడు నోరు తెరిచి అడిగేవాడేమో, అయినా ఆ అడిగేవాడు తనే ఎందుకు కాలేదు, అనుకుంటూ మాస్టారు కలానికి మూత పెట్టి మళ్ళీ తీశాడు. ఎదుట కాగితం మీద శీర్షిక ఒక్కటే ఉంది: ‘మన దళం: పుట్టుక, నిర్మాణం, విజయాలు’.

తూటాలతో కాక మాటలతో శత్రువుని లొంగదీసే ఆ దళానికి పాతికేళ్ళు నిండాయి. వచ్చే వారం ఉత్సవం. మొదటి రోజు నుంచీ ఉండి ఇంకా బతికున్నవాడు ఈయనొక్కడే కాబట్టి, రిటైరైన మనిషిని వెతికి పిలిపించి, ఫ్యానూ బల్లా ఉన్న ఒక గదిలో కూర్చోబెట్టి చరిత్ర రాయమన్నారు. సైన్యంలో చేరకముందు ఆయన కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాడు. మాస్టారన్న పిలుపు అక్కడిది. యూనిఫాం వేసినా వదల్లేదు, విప్పినా వదల్లేదు.

పుట్టుక రాయడం తేలికే. ఒక పాడుబడ్డ గ్యారేజీ, సినిమాల ప్రచారానికి తిరిగే వ్యాను, దాని నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్లు, ఎన్నికల పోస్టర్లు అచ్చేసి అరిగిపోయిన ముద్రణ యంత్రం. మొదటి అధికారి అంతకుముందు సబ్బులకి ప్రకటనలు రాసేవాడు. ‘ఒంటికి సబ్బు కొనిపించినవాడిని, చేతిలో తుపాకీ కింద పెట్టించలేనా’ అని ఆయన ధీమా. మిగతా సైన్యం మాత్రం వీళ్ళని మనుషుల్లో జమ కట్టేది కాదు. ‘మైకుసెట్టు వాళ్ళు’ అని పేరు పెట్టింది. క్యాంటీన్లో వరసలో నిలబడితే వెనక నుంచి ఎవడో ఒకడు, “ఏం మాస్టారూ, ఇవాళ ఎవరింట్లో పెళ్ళి?” అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. మాస్టారూ నవ్వేవాడు. ఆ నవ్వులో కలవకపోతే ఒంటరివాడవుతానని భయం. ఆ భయం ఎలాంటిదో పాఠంగా చెప్పినవాడే, అయినా నవ్వాడు.

నిర్మాణం దగ్గరే కలం ఆగింది. గ్యారేజీని చెక్కలతో నాలుగు గదులు చేశారు. మొదటి గదివాళ్ళు ఎదుటివాళ్ళని చదివేవాళ్ళు: దొరికిన ఉత్తరాలు, ఖైదీల కబుర్లు, ఎవడికి ఎవరి మీద బెంగ, ఎవడికి దేనికి భయం. రెండో గది ఆ బెంగనీ భయాన్నీ మాటలుగా రాసేది. అది మాస్టారిది. మూడో గది ఆ మాటలకి గొంతు వెతికేది. నాలుగో గది, ఆ మాటలు విని ఎంతమంది లొంగి బయటికి వచ్చారో లెక్క కట్టేది. వాళ్ళ ఫారంలో ఆఖరి గడి ‘బయటికి వచ్చినవారు’. దాని తర్వాత గడి లేదు. వచ్చినవాళ్ళు గేటు దాటగానే వేరే దళం చేతిలో పడేవాళ్ళు. నాలుగో గదిలో కూర్చునే గుమాస్తా నిక్కచ్చి మనిషి. ఒక్క తల అటూ ఇటూ కానిచ్చేవాడు కాదు. “గేటు దాకానే సార్ మన లెక్క. అవతల ఏం జరిగితే మనకెందుకు?” అనేవాడు. పాపం అతను చెడ్డవాడేమీ కాదు. వాళ్ళలో చెడ్డవాడు ఎవరని వెతికితే, ఎవరి గదిలో వాళ్ళు ఒద్దికగా పని చేసుకునే మనుషులే కనిపిస్తారు.

తలుపు తోసుకుని కల్నల్ వచ్చాడు. వయసులో చిన్నవాడు. దళం పుట్టేనాటికి బడికి పోతూ ఉండి ఉంటాడు.

“ఎంతదాకా వచ్చింది మాస్టారూ?”

“గదుల దాకా.”

“గదులు ఎవడికి కావాలండీ! ‘అక్క టేపు’ సంగతి రాయండి. జనం దానికోసమే వస్తారు. ముప్పై ఏడుగురు! మన తూటా ఒక్కటి ఖర్చు కాకుండా! ఇంతకీ ఆ గొంతు ఎవరిది? రిజిస్టర్లో ‘స్త్రీ, నలభై ఏళ్ళు’ అని రాసి వదిలేశారు.”

మాస్టారు కిటికీ వైపు చూశాడు. బయట ఎవరో వ్యాను కడుగుతున్నారు.

“మా అక్కది,” అన్నాడు. ఎందుకన్నాడో తెలియదు. ఎన్నో ఏళ్ళు దాచిన మాట, అడగ్గానే తుమ్ములా వచ్చేసింది.

“మీ సొంత అక్కగారా! ఉన్నారా?”

“ఉంది. నాతోనే ఉంటుంది. కానీ ఆవిడకి...”

కల్నల్ వినలేదు. అప్పటికే వసారాలోకి వెళ్ళి ఎవరినో కేకేస్తున్నాడు.

ఆవిడకి తెలియదు, అన్నది మాస్టారు చెప్పబోయిన మాట.

పాతికేళ్ళ కిందట, తిరగబడ్డ కుర్రాళ్ళు కొందరు ఒక పాత మిల్లులో దూరి తలుపులు బిగించుకున్నారు. పందొమ్మిది రోజులైనా కదల్లేదు. కరపత్రాలు వేస్తే వాటితో పొయ్యి రాజేసుకున్నారు. మొదటి గది చెప్పింది: వీళ్ళు అమ్మ అంటే కరగరు, అమ్మ ఏడుస్తుందని తెలిసే వచ్చారు. ఇంట్లో చనువుగా తిట్టే మనిషి ఎవరైనా పిలవాలి, అక్కలాంటిది. మూడో గది ఇద్దరు నటీమణుల చేత చెప్పించింది. ఖైదీలకి వినిపిస్తే ఆవులించారు.

మాస్టారు అక్క బస్టాండులో అనౌన్సరు. ఆవిడ చేత చదివిస్తే ‘నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీదికి రావలసిందిగా కోరుతున్నాం’ అన్నట్టే ఉంటుంది. అందుకని మాస్టారు ఇంకో దారి పట్టాడు. ఒక మధ్యాహ్నం కావాలనే అక్కతో తగువు పెట్టుకున్నాడు. ఎక్కడ అంటే నొప్పి పుడుతుందో అక్కడే అన్నాడు. నాకోసం పెళ్ళి మానుకున్నానని ఎన్నాళ్ళు దెప్పుతావు, నేనడిగానా, అన్నాడు. నిజానికి ఆవిడ ఒక్కసారైనా దెప్పలేదు. తర్వాత తను గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, కిటికీలు మూసి, తలుపు సందులో రికార్డరు పెట్టి కూర్చున్నాడు. గంటకి వస్తుందని అంచనా. అరవై నాలుగు నిమిషాలకి వచ్చింది.

“ఎంతసేపురా ఆ చీకట్లో? రా బయటికి. ఎవరూ ఏమీ అనరు. నేనున్నాగా. లే, వచ్చి మొహం కడుక్కో.”

మర్నాడు ఆ టేపు అయిదుగురు ఖైదీలకి వినిపించారు. ప్రతి మాటనీ అలా అయిదుగురి మీద చూసి గానీ బయటికి వదలరాదని దళంలో నియమం. నాలుగోవాడు వింటూ వింటూ లేచి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తలుపు దాకా నడిచాడు. కాపలావాడు భుజం పట్టుకుని వెనక్కి నెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారి వీపు తట్టారు.

మిల్లు దగ్గర పొద్దున ఎనిమిదింటికి టేపు మొదలైంది. పదింటికి పన్నెండుమంది తలల మీద చేతులు పెట్టుకుని వచ్చారు. గేటు దాటించి గోడ వెనక్కి తీసుకెళ్ళారు. వ్యానులో ఫోను మోగింది. “టేపు ఆపొద్దు. గొంతు పెంచండి.” ఎందుకని అడగకుండానే మాస్టారికి అర్థమైంది. అప్పుడు గొంతు పెంచే, తగ్గించే మీట ఆయన చేతిలో ఉంది. కిందకి తిప్పి ఉంటే గోడ వెనక చప్పుడు మిల్లులోకి వినపడేది. మిగిలిన పాతికమంది వచ్చేవాళ్ళు కారు. పైకి తిప్పాడు. ‘నేనున్నాగా’ అన్న మాట కింద చప్పుళ్ళు ఎక్కడో తలుపులు వేసుకుంటున్నట్టు వినిపించాయి. సాయంత్రానికి పాతికమందీ వచ్చారు. గుమాస్తా ఫారంలో ముప్పై ఏడు వేసి, కింద గీత గీశాడు.

తర్వాత మాస్టారు తన మనసుని తానే విడదీసి చూసుకున్నాడు. భయమా, విధేయతా, పని బాగా కుదిరిన తృప్తా? మూడూ ఉన్నాయి. మూడోది ఎక్కువగా ఉంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

కాగితం ఖాళీగానే వదిలేసి ఇంటికి నడిచాడు. ఎండ ఇంకా తగ్గలేదు. గుమ్మంలోనే అక్క ఎదురైంది. చేతిలో దళం ముద్ర ఉన్న కవరు. కల్నల్ అప్పుడే మనిషిని పంపేశాడన్నమాట.

“దొంగ వెధవా!” అంది. నవ్వుతోంది. “నా గొంతు అమ్ముకున్నావుట్రా?”

“ఎవరు చెప్పారు?”

“వచ్చిన సిపాయి చెప్పాడు, కాగితమూ చెప్పింది. ఇదిగో, ఉత్సవంలో నాకు సన్మానమట, ‘మీ కంఠం ముప్పై ఏడు ప్రాణాలను కాపాడినది’ట. కాపాడినదిట! కూర్చో, మొత్తం చెప్పు. నేనెప్పుడు చెప్పానురా ఇవన్నీ?”

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. తగువు సంగతి చెప్పాడు, రికార్డరు సంగతి చెప్పాడు. అక్క నవ్వు కాసేపు ఆగింది.

“అయితే ఆ రోజు అన్న మాటలు ఉత్తుత్తివా?”

“ఉత్తుత్తివే.”

“నేను నిజమనుకున్నాను,” అంది. “ఇన్నాళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. పెద్దదాన్ని, ఎక్కడో నోరు జారి దెప్పే ఉంటానని.” కొంగుతో మొహం తుడుచుకుంది. “పోనీలే. మంచిపనికే కదా. ముప్పై ఏళ్ళు ఆ బస్టాండులో గొంతు చించుకున్నాను. బస్సు రాకపోతే నన్ను తిట్టారు, వస్తే నన్ను మర్చిపోయారు. ఒక్క వెధవైనా ఈవిడ పిలిస్తే బావుందనుకుని ఉంటాడా? వీళ్ళు చూడు, పిలిస్తే వచ్చారు.”

“అక్కా...”

“ఉండు, నన్ను చెప్పనీ. వాళ్ళకిప్పుడు నలభై అయిదూ యాభై ఉంటాయా? పిల్లలు కాలేజీకి వచ్చి ఉంటారు. ఒరేయ్, మీ కల్నల్‌కి చెప్పి ఒక్కణ్ణయినా పిలిపించరా ఆ రోజుకి. నేను సన్మానం కోసం రాను, ఒక్కణ్ణి చూడ్డానికి వస్తాను. నాకు పిల్లలా జెల్లలా? ఒక్కడు ఎదురొచ్చి, అక్కా నువ్వు పిలిస్తే వచ్చానని అంటే చాలు నాకు.”

మాస్టారికి మాటలు వాటంతట అవే తయారయ్యాయి. ఎక్కడెక్కడో స్థిరపడ్డారక్కా, చిరునామాలు దొరకడం లేదు. పాత సంగతులు తలుచుకోవడం వాళ్ళకి ఇష్టం లేదట. ఒకడు ఉత్తరం రాశాడు, రేపు తెచ్చి ఇస్తాను. మూడోది అన్నిటికన్నా బావుంది. ఆ ఉత్తరం ఆయనే రాయగలడు, ఎక్కడ ఒక అక్షరం కొట్టేసి మళ్ళీ రాయాలో కూడా తెలుసు. అది దిండు కింద పెట్టుకుని ఆవిడ పదేళ్ళు హాయిగా బతుకుతుంది. దయ అంటే అదేనని ఎవరికైనా నచ్చజెప్పవచ్చు, ముందుగా తనకే. నిజం చెబితే ఎవరి బరువు దిగుతుంది? తనది. ఎవరి నెత్తిన పడుతుంది? ఆవిడ నెత్తిన. ఇన్ని తెలిసినవాడు నోరు మూసుకోవాలి.

కానీ మూడో వాక్యం ఎంత బావుందో చూసుకుని మురిసిన ఆ క్షణంలో, వ్యానులో మీట తిప్పుతూ కలిగిన తృప్తే మళ్ళీ కలిగింది. అదే రుచి. ఆవిడ ఎదుటే కూర్చుని ఉండగా.

“ఏంట్రా, పిలిపిస్తావా లేదా? బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావేం?”

ఏ మాట ఎలా తగులుతుందో ఆలోచించుకోకుండా, గొంతు సవరించుకోకుండా, అక్క మొహంలోకి చూశాడు.

“ఎవరూ లేరక్కా. వచ్చినవాళ్ళని వచ్చినట్టే గోడ వెనక కాల్చేశారు. ఆ చప్పుడు లోపలివాళ్ళకి వినపడకుండా నీ గొంతు పెంచింది నేనే.”