సీమోను చేసుకున్న పుణ్యం

మటన్ కడుగుతున్న. ముందటి అర్రల నుంచి మా ఆయన కొండల్ పిలిచిండు.

"అరుణా, నీళ్లు."

బిందె ఆయన కుర్చీ పక్కనే ఉన్నది. చెయ్యి చాపితే అందుతది. చేతులు తుడుచుకొని పోయిన. ముంచిచ్చిన. మళ్ల వచ్చిన. ఈ మనిషి పదిహేడేండ్లు మిలిటరీల చేసిండు. ఉట్టి మిలిటరీ గాదు, కమాండో. విమానంల నుంచి దుంకినోడు. పెన్షన్ మీద ఇబ్రహీంపట్నం వచ్చి ఇంకా నెల గాలె.

నా కడుపుమంట ఆయన మీద గాదు. ఇయ్యాల బువ్వకు వచ్చేటోని మీద. సీమోను. దేవరకొండ దిక్కు మనిషి. మా ఆయన బడ్డీ. కమాండోలల్ల ఇద్దరిద్దరిని జోడి కడ్తరట. ఒకడు పండుకుంటే ఇంకొకడు మేల్కొనాలె. ఒకనికి దెబ్బ తాకితే ఇంకొకడు మోసుకురావాలె. నాకు తెలిసింది గింతే. అంతకన్న అడిగితే "అవి చెప్పొద్దు" అంటడు. లీవుల వచ్చినా ఫోన్ మోగిందంటే సీమోనే. పాప పుట్టిందని దవాఖాన నుంచి నేనే ఫోన్ చేస్తే, "సీమోనూ, బిడ్డరా!" అని పక్కనున్నోనికి ముందుగాల చెప్పిండు. నువ్వెట్లున్నవని నన్ను అడగనీకె జరసేపు పట్టింది. ఆ జరసేపు నేనింకా మర్చిపోలె. ఇంకో ఆడిదైతే కొట్లాడుదును. మీసాలున్నోనితోటి ఏం కొట్లాడుత?

కొంగరకలాన్ల కొత్త కలెక్టరాఫీసుల నాకు కంప్యూటర్ పని దొరికింది. డిగ్రీ చదివిన ఇన్నేండ్లకు. సోమారం చేరాలె. కొండల్ వద్దన్నడు. ఆయన బార్డర్ల ఉన్నప్పుడు అడిగితే, "మొగడు లేనింట్ల ఆడిది కొలువుకు పోతే నలుగురు ఏమంటరు" అన్నడు. ఇప్పుడు అడిగితే, "మొగడు ఇంట్ల ఉండంగ ఆడిదానికి కొలువెందుకు" అన్నడు. మా అత్త శంకరమ్మ జారిపడి మంచం పట్టింది. "అమ్మకు తానం ఎవరు పోస్తరు? పాపకు జడలెవరేస్తరు? నాకు తుపాకి తెలుసు. ఇంటిపని ఏం తెలుసు?" అన్నడు. నిజమే అనుకున్న. కొలువుల చేరుమని కాయితం వచ్చినా ఊకున్న.

సీమోను వచ్చిండు. నల్లగ, సన్నగ ఉన్నడు. నవ్వుమొకం. పీటేసిన. తినుకుంట అన్నడు.

"వదినా, మటన్ మంచిగుంది. గని మావోడు చేసే పప్పు ముందట దిగదుడుపే. ఏమనుకోకు."

మంచం మీద నుంచి మా అత్త నవ్వింది. "వాడా? వాడు పొయ్యి మొకం చూడలె బిడ్డా."

"ఏం మాట అవ్వా! పైన బార్డర్ల, మంచుల ఉన్నప్పుడు నాకు విరేచనాలు పట్టినయి. లేవరాకుంట అయిన. నా బట్టలన్ని వీడే ఉతికిండు. మంచు కరగబెట్టి, నీళ్లు కాసి తానం పోసిండు. గంజి తాపిండు. కన్నతల్లి గూడ గట్ల చెయ్యది. వదినా, నీకేం ఫికర్? ఇంట్ల నీకు పనే ఉండదు."

"ఊకోరా, తిను" అన్నడు కొండల్.

నేను నవ్విన. లోపల భగ్గుమన్నది. పోయినేడు నాకు డెంగీ వస్తే ఈయన లీవుల్నే ఉన్నడు. జర వేడినీళ్లు కావాలన్న. "అమ్మా, దీనికి నీళ్లంట" అని కేకేసిండు. చీర మీద కక్కుకుంటే ముక్కు మూసుకొని బయటికి పోయిండు. జరంల లేచి నా చీర నేనే పిండుకున్న. ఆ రోగమేదో ఆ మంచుల నాకొచ్చినా బాగుండు అనిపించింది. ఇసొంటి ఈర్ష్య ఎవరికన్న ఉంటదా? ఒకని విరేచనాలకు కుళ్లుకున్న. ఆయనకు సేవ చేసుడు రాదనుకున్న ఇన్నేండ్లు. రాదనుకొనే ఓర్సుకున్న. మొగోళ్ల చేతులు గట్లనే ఉంటయి అనుకున్న. అన్ని వస్తయట. జాగ్రత్తగ, ప్రేమగ వస్తయట. నాకు చెయ్యలె. గంతే.

బువ్వ పెట్టుకుంట అడిగిన. "సీమోనన్నా, మీ ఇద్దరిల ఒకరు వేరే డ్యూటీకి పోతే ఎట్ల?"

"ఎట్లేంది వదినా? వాని పని గూడ రెండోడే చేస్తడు. అడుగుడు ఉండది."

కొండల్ దిక్కు తిరిగిన. "సోమారం నుంచి నేను డ్యూటీకి పోతున్న. కలెక్టరాఫీసుల."

కొండల్ నా దిక్కు చూడలె. సీమోను దిక్కు చూసిండు.

"అరె, మంచి కబురు! నాకు చెప్పలేదేందిరా?" అన్నడు సీమోను.

"అవ్... చెప్దామనుకున్న" అన్నడు కొండల్.

వాని ముందట కాదనలేకపోయిండు. నేనొక్కదాన్నే ఉంటే కాదనేటోడు. ఆ మాటకు గూడ నాకు మండింది. మండినా, దొరికింది ఇడువలె.

సోమారం పొద్దుగాల చెప్పులేసుకుంటున్న. లోపల అత్త తానానికి పిలుస్తున్నది. పాప దువ్వెన పట్టుకొని నిలవడ్డది. కొండల్ వాకిట్లకు వచ్చిండు. గొంతు తగ్గించి, అమాయకంగ అడిగిండు.

"ఇవన్ని నాతోటి ఎట్లయితయే?"

"నన్ను సీమోననుకో" అన్న. బస్సుకు నడిచిన.