వాల్యూమ్ పెడల్‌లో గరగర

మధ్యాహ్నం పూట మా అక్క షాపుకొచ్చి, కూరగాయల సంచిలోంచి ఒక ఇనుప పెడల్ తీసి నా బల్ల మీద పెట్టింది. పెట్టేముందు దొంగసొత్తు అమ్మడానికి వచ్చినదానిలా అటూ ఇటూ చూసింది.

"మీ బావ నిద్రపోతున్నారు. లేచేలోపు దీన్ని బాగుచేసి ఇచ్చెయ్" అంది.

నేను రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేస్తాను. బావ స్టీల్ గిటారు వాయిస్తాడు. పాటల రికార్డింగులకి ఆయన్ని పిలుస్తారు.

"ఏమొచ్చింది దీనికి?"

"గరగరమంటోందట. ఆ రికార్డింగు ఇంజినీరు కొత్త మెషిన్ తెచ్చాడు, అందులో చీమ నడిచినా వినిపిస్తుందట. ఎల్లుండి పాటకి కూడా ఇలాగే ఉంటే ఇంకొకాయన్ని పెట్టుకుంటానన్నాడు. ఈయనేమో దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వరు."

ఆ మాట నిజమే. ఒకప్పుడు బావ తనే తెచ్చి బాగుచేయించుకునేవాడు. ఈమధ్య ఎప్పుడడిగినా "బాగానే ఉందిలే" అని మాట మార్చేస్తున్నాడు. ఊళ్లోవాళ్లందరి పెడళ్లూ బాగుచేసే నేను సొంత బావ పెడల్ గరగరలాడుతుంటే చెవులు మూసుకోవాలా? అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

స్టీల్ గిటారు చూడనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. అది చిన్న బల్లలా ముందు నిలబడి ఉంటుంది. ఎడమ చేత్తో తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ కుడి చేత్తో మీటుతారు. ఎడమ కాలికీ మోకాళ్లకీ శ్రుతి మార్చే మీటలుంటాయి. కుడి కాలి కింద ఉండేది ఈ వాల్యూమ్ పెడల్. తీగ మీటగానే శబ్దం గట్టిగా పుట్టి, అంతలోనే నీరసించిపోతుంది. అందుకని మీటేటప్పుడు పెడల్ వదిలేసి, శబ్దం తగ్గే కొద్దీ పాదంతో నొక్కుకుంటూ పోతారు. అప్పుడు స్వరం ఎక్కడ పుట్టిందో తెలియదు, ఎక్కడ ఆగుతుందో తెలియదు. మనిషి గొంతు సాగినట్టు సాగుతుంది. ఆ గొంతంతా పాదంలో ఉంటుంది.

పెడల్ లోపల ఉండేది ఒక తాడు, ఒక స్ప్రింగు, ఒక కంట్రోల్. పుస్తకాల్లో పొటెన్షియోమీటర్ అని రాస్తారు, అంత పేరు పెట్టి పిలిచే తీరిక మాకు లేదు. పాదం నొక్కితే తాడు కంట్రోల్ ఇరుసుని తిప్పుతుంది. లోపల నల్లటి కార్బన్ పట్టీ మీద చిన్న రేకు జారుతుంది. పట్టీ అరిగితే గరగర మొదలవుతుంది. అరిగినదాన్ని తీసేసి కొత్తది వెయ్యడం తప్ప దానికి మందు లేదు.

పాతదాన్ని విప్పి, మూత ఎత్తి, దీపం కిందకి జరిపి చూశాను. మామూలుగా పట్టీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అరిగి ఉంటుంది. ఇది మూడే మూడు చోట్ల గుంటలు పడింది. చివరి భాగమైతే నిన్న కొన్నదానిలా నిగనిగలాడుతోంది. అంటే ఇన్నేళ్లలో బావ ఒక్కసారి కూడా పెడల్‌ని పూర్తిగా తొక్కలేదు. నీరసించే స్వరం కోసం ఎప్పుడూ కొంత దాచి పెట్టాడు. నా చేతిలోకి వచ్చిన పెడళ్లకి లెక్క లేదు, ఇంత నిగ్రహం ఉన్న కాలిని చూడలేదు. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

తరవాత కొత్తది బిగించి, తాడు చుట్టి, సోల్డరింగ్ చేసి అక్క చేతికిచ్చాను. పాతదానికి మళ్లీ మూత నొక్కి డబ్బాలో వేశాను, పారెయ్యబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే షట్టర్ ఎత్తుతుంటే బావ వచ్చాడు. చంకలో పెడల్, మొహంలో చిటపట. ఒక కాలికే చెప్పుంది.

"రెండో చెప్పు ఎవరికి దానం చేశావు బావా?"

ఆయన కిందికి చూశాడు. కుడి పాదం వంక, ఆ తరవాత తను నడిచొచ్చిన వీధి వంక చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"దారిలో ఎక్కడో జారి ఉంటుంది. ముందు నువ్వు దీన్ని ఏం చేశావో చెప్పు."

"బాగుచేశాను."

"చెడగొట్టావు."

నా షాపులో నిలబడి నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. బాగుకి వచ్చిన స్టీల్ గిటారు ఒకటి మూలనుంటే దాన్ని ముందుకు లాగి, "వాయించి చూపించు" అన్నాను. ఆయన కూర్చుని పెడల్ మీద కాలు పెట్టాడు. మొదటి స్వరం పటాకులా పేలింది. రెండోది వినపడనే లేదు. మూడోది పాలు పొంగినట్టు ఒక్కసారి పొంగి చప్పున చల్లారింది. గిటారు నిన్ననే పట్టుకున్నవాడు కూడా ఇంతకన్నా నయంగా వాయిస్తాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నాను.

అనేశాక కిందికి చూశాను. పెడల్ రేకు మీద రక్తం. దారిలో గాజుపెంకేదో గుచ్చుకున్నట్టుంది, అరికాలు చీరుకుపోయింది. ఆ కాలితోనే ఆయన ఇనుప రేకుని నొక్కుతున్నాడు. మొహంలో నొప్పన్నదే లేదు.

"బావా, నీ కాలు."

"ఏమైంది?" అని వంగి చూసుకున్నాడు. "వెన్నులో నరం నలిగిందట. చీలమండ కింద స్పర్శ లేదు, ఆ పాదం నాది కాదు. మూడేళ్లయింది."

నీళ్లు తెచ్చి, కాలు కడిగి గుడ్డ కట్టాను. కడుగుతుంటే ఆయన నా చేతుల వంక చూస్తున్నాడు, వేరేవాళ్ల కాలిని కడుగుతున్నట్టు.

"మరి ఈ మూడేళ్లూ ఎలా వాయించావు?"

"ఆ గరగర చెప్పేది. మొదటి గరగర వినపడితే పాదం కదిలిందని. రెండోది వస్తే సగం దాటిందని. మూడోది వస్తే ఇక చాలు, ఆగమని. నువ్వు దాన్ని పీకేశావు. ఇప్పుడు నా కాలు ఎక్కడుందో నాకు తెలియట్లేదు."

డబ్బాలోంచి పాతది తీసి, మళ్లీ పెడల్‌కి బిగించాను. "వాయించు" అని స్పీకర్‌కి చెవి ఆనించి కూర్చున్నాను.

స్వరం లేచింది. గరగర ఏదీ? ఎంత వెతికినా దొరకలేదు. చాలాసేపు విన్నాక గాని నాకు అర్థం కాలేదు. రేకు గుంటని దాటే ఆ క్షణంలోనే బావ తీగ మీటుతున్నాడు. ప్రతి గరగరా ఒక మీటు కింద దాక్కుంటోంది. కాలికి దారి చూపించే శబ్దాన్ని కాలు వాడుకుంటోంది, అది లోకానికి వినపడకుండా చెయ్యి కప్పేస్తోంది. మూడేళ్లుగా, ప్రతి పాటలో, ప్రతి స్వరానికీ. నా చెవులు పాము చెవులని అందరితో చెప్పుకుంటాను. అక్కవాళ్లింట్లో భోజనానికి కూర్చుని ఆయన వాయిస్తుంటే వింటూనే ఉన్నాను, ఏనాడూ కనిపెట్టలేదు. మా బావ, వేళాకోళానికి తప్ప నేను లెక్కచెయ్యని మా బావ, ఇంతటివాడని నాకు ఆ రోజే తెలిసింది.

"ఆ కొత్త మెషిన్ మాత్రం పట్టేస్తోంది. మీటు కింద ఉన్నది కూడా వినేస్తుంది" అన్నాడు.

"అక్కకి చెప్పావా?"

"చెప్పకు. తెలిస్తే ఆ రోజే గిటారు అటక మీదికి ఎక్కిస్తుంది. కాలు పోగొట్టుకుని బతకొచ్చు. ఇది లేకుండా ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదు."

ఆ రోజంతా ఇంకే పనీ ముట్టుకోలేదు. సాయంత్రానికి ఒకటి తట్టింది. గరగర కావలసింది ఆయన ఒక్కడికి, అక్కర్లేనిది మిగతా లోకానికి. అలాంటప్పుడు రెండూ ఒకే తీగలో ఎందుకు పోవాలి? కొత్త కంట్రోల్ పక్కన పాతదాన్ని కూడా బిగించి, ఒకే తాడుతో రెండు ఇరుసులూ తిరిగేలా చుట్టాను. గిటారు శబ్దం కొత్తదాని గుండా పోతుంది. పాతదానికి చిన్న బ్యాటరీ, దానికి చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఒకటి తగిలించాను. బావ దాన్ని చెవిలో పెట్టుకుని పెడల్ నొక్కాడు. కళ్లు మూసుకుని, "ఆ, ఇక్కడున్నాను" అన్నాడు.

రికార్డింగ్ రోజు నేనూ వెళ్లాను, తీగ ఏదైనా ఊడితే అతికించడానికి. మందపాటి గుడ్డ పరిచిన గోడలు, అద్దం అవతల ఇంజినీరు, తలుపు మీద ఎర్ర బల్బు. అది వెలిగితే ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తియ్యకూడదు. అక్క ఎప్పటిలాగే బావ వెనక కుర్చీలో కూర్చుంది. ఆయన రికార్డింగులన్నిటికీ వస్తుంది, పక్కన తను లేకపోతే ఆయన మంచినీళ్లు కూడా తాగడని ఆవిడ నమ్మకం.

మొదటిసారి వాయించినప్పుడు స్వరం మచ్చ లేకుండా వచ్చింది. చివర్లో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. "ఇంకొక్కసారి మాస్టారూ, టేపు మారుస్తున్నాను" అన్నాడు ఇంజినీరు.

ఆ సందులో అక్క లేచి ముందుకొచ్చింది. "చెవిలో ఏమిటది?"

బావ అరచేత్తో చెవి కప్పుకున్నాడు.

"చెవుడొచ్చిందా? ఊరందరికీ తెలిశాక నాకు చెబుతారా?" అంటూ ఆ ఇయర్‌ఫోన్ లాగి తన చెవిలో పెట్టుకుంది. బావ పాదం పెడల్ మీద కొద్దిగా కదిలింది. అక్క మొహం ముడుచుకుంది. "పాట లేదేం? ఏదో గీకుతున్నట్టుంది."

బావ తల తిప్పకుండా చెప్పాడు. "అది నా కాలు. అది ఎక్కడుందో నాకు తెలియదు. ఆ చప్పుడు విని తెలుసుకుంటాను."

అక్క నా వంక చూసింది. నేను తల ఊపాను.

అప్పుడే ఎర్ర బల్బు వెలిగింది.

ఇక మాట్లాడడానికి లేదు. ఇయర్‌ఫోన్ అక్క చెవిలోనే ఉంది, తీసి ఇస్తే ఆ చప్పుడు కూడా మెషిన్ పట్టేస్తుంది. మిగతా వాద్యాలు మొదలైపోయాయి. బావ చెయ్యి తీగల మీద ఆగింది. మొదటి స్వరం ఎలా పేలుతుందో నాకు తెలుసు.

అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఓదార్చడానికే వేసిందనుకున్నాను. అంతలో ఆవిడ వేళ్లు ఒకసారి బిగిశాయి, చెవిలో గరగర వినపడినప్పుడు. బావ అదే క్షణంలో మీటాడు. స్వరం లేచింది. వేళ్లు మళ్లీ బిగిశాయి, స్వరం సగానికొచ్చి నిలిచింది. మూడోసారి బిగిశాయి, అక్కడే ఆగింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాట పొడుగునా ఆ చెయ్యి చెబుతూనే ఉంది, ఆ కాలు వింటూనే ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి చేతులు జోడించానని నాకు తరవాత తెలిసింది. నేను చేసిన పెడల్ పెడలే కాదు ఆ చెయ్యి ముందు.

బల్బు ఆరింది. "ఇదే ఉంచేస్తున్నాను మాస్టారూ, మొదటిదానికన్నా బావుంది" అన్నాడు ఇంజినీరు అద్దం అవతల్నుంచి.

బావ తల వంచుకుని కూర్చున్నాడు, ఇక గిటారు అటకెక్కుతుందని. అక్క కళ్లు తుడుచుకుంది గాని, చెయ్యి తియ్యలేదు.

"ఇంకో పాట ఉందన్నారుగా, మొదలుపెట్టండి" అంది.