ఒక ఊపిరి ముందుండే అద్దం

కాటన్‌పేటలో భాగీరథమ్మ ఇంటి అద్దం ఒక్క ఊపిరి ముందుండేది. మనం దువ్వెన ఎత్తకముందే అందులో పాపిడి తీసి ఉంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు, "అది నవ్వినాక నువ్వు నవ్వు, బాగుంటాది" అని చెప్పింది. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ఇంట్లో రోలుంది, కొళాయి ఉంది, ఆ అద్దమూ ఉంది.

పొద్దున్నే వసారాలో ఆ అద్దం ముందు ఆమె మొగుడు రామాంజినప్ప గడ్డం గీసుకుంటాడు. వాళ్ల నాయన వాడిన మడత కత్తే. దోసెడు చన్నీళ్లు చల్లుకుని, సబ్బు పూసి, గొంతు నుంచి పైకి పరపరా లాగేస్తాడు. అంగడికి పొద్దుపోతుందని తొందర. వయసులో ఉన్నప్పుడు అట్లా చెల్లింది గానీ, మొన్న జ్వరమొచ్చి పోయినాక చేతికి వణుకు పట్టుకుంది. అసలు చిక్కు వణుకుతో కాదు, అద్దంతో. గాటు పడకముందే అందులో నెత్తురు కనబడేది. అది చూసి ఆయన ఉలిక్కిపడేవాడు. ఆ ఉలికిపాటుకే గాటు పడేది.

వాళ్లది దూది అంగడి. దూది తూయడానికి ఆయన వంగితే, తెల్లటి కుప్ప మీద ఎర్ర చుక్క రాలేది.

"నాయనా, పెండ్లి పరుపుకని వచ్చినోళ్లు ఆ చుక్క చూసి లేచిపోయినారు" అన్నాడు కొడుకు దేవరాజ్. "ఇంకొక్క గాటు చూసినానంటే అంగడి బీగాల గుత్తి నాకిచ్చి ఇంట్లో కూర్చో."

"కూర్చొని ఏం చేసేదిరా?"

"టీవీ చూడు."

"దాంట్లో దూది ఉండాదా?"

ఆ మాటకు నవ్వింది దేవరాజ్ ఒక్కడే.

మరుసటి పొద్దున భాగీరథమ్మ కాఫీ తెస్తూ అద్దంలోకి చూసింది. మొగుడి గొంతు మీద, నురుగును చీల్చుకుని, అడ్డంగా లోతైన ఎర్రగీత. ఇటు చూస్తే కత్తి ఇంకా చెవి దగ్గరే ఉంది. గ్లాసు అక్కడే జారిపోయింది. ఆమె రెండు చేతులతో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది.

"ఏమే, పిచ్చి పట్టిందా?"

"కత్తి కింద పెట్టు, దేవరాజ్ నాయనా. ఈపొద్దు కండ్లతో వద్దు, వేళ్లతో చూసుకో."

తువ్వాలు వేడినీళ్లలో ముంచి పిండి ఆయన ముఖం మీద కప్పింది.

"ఊపిరాడలేదే!"

"ఆడతాదిలే. నానకుండా పప్పు ఉడుకుతాదా?"

గడ్డం మెత్తబడినాక బ్రష్షు తడిపి, గిన్నెలో సబ్బును తిప్పి తిప్పి నురుగు చేసింది. అది ఏకిన దూదిలా పొంగింది. పూయబోయే ముందు ఆయన వేలు పట్టుకుని చెంప మీద నడిపించింది.

"మన అంగట్లో మకమల్ దిండు లేదా? ఒక దిక్కు నిమిరితే నున్నగా, ఇంకో దిక్కు గరగర. వెంట్రుకకూ అట్లే వాలు ఉండాది. నీ గొంతు మీద కిందికి, దవడ మూలలో పక్కకి. తెలిసిందా?"

ఆయన ఇన్నేళ్లుగా మోసిన ముఖాన్ని అప్పుడే మొదటిసారి తాకినట్టు తాకాడు. నురుగు పట్టించి, ఆమె ఆయన చెంపను లాగి బిగించి పట్టుకుంది. ఆయన కళ్లు మూసుకుని, అదమకుండా, వాలు వెంట కత్తిని పోనిచ్చాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. అయినా కత్తి బరువుకు కత్తే జారింది. వసారాలో మంచు రాలుతున్నంత చిన్న చప్పుడు.

చన్నీళ్లతో కడిగి, పటిక రుద్దింది. గొంతు తడిమి చూసింది. ఎక్కడా గీత లేదు. ఆ అద్దం చూపింది జరగకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"తిప్పు, చూస్తాను" అన్నాడు రామాంజినప్ప.

భయపడుతూనే తిప్పింది. అద్దం ఈసారి ఒక్క ఊపిరి దగ్గర ఆగలేదు. అందులో ఆయన జుట్టంతా దూదిలా తెల్లబడింది. చెంపలు నున్నగా మెరుస్తున్నాయి. పక్కన నడుము వంగిన ఒక ముసలమ్మ, చేతిలో మడత కత్తి. వెనక, జుట్టు నెరిసిన దేవరాజ్ గుమ్మంలో నిలబడి అంగడి బీగాలు ముందుకు చాపుతున్నాడు, పద నాయనా అన్నట్టు.

భాగీరథమ్మ కొంగుతో అద్దం తుడిచి మళ్లీ చూసింది.

ఇవతలి దేవరాజ్ వచ్చి తండ్రి ముఖాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. గోడ మేకుకున్న బీగాల గుత్తి తీసి ఆయన ఒళ్లో పెట్టి పోయాడు.

రామాంజినప్ప కత్తి తుడిచి, మడిచి, భాగీరథమ్మ అరచేతిలో పెట్టాడు.

"రేపటి నుంచి నువ్వే గియ్యి" అన్నాడు. "అంత ముసలిదానివి అయ్యేలోగా చెయ్యి తిరగొద్దా?"