సాగనంపని గంగమ్మ

పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగా ఉన్న హోప్ టౌన్ ఒడ్డున అసిరయ్య కొత్త డోంగీ పడవ రంగు పూసుకుని పెళ్ళికూతురిలా కూర్చుంది. నీళ్ళలోకి దిగడానికి ఒక్కటే తక్కువ, బుల్లమ్మ పాట.

బుల్లమ్మ అసిరయ్యకు పెద్దమ్మ. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ దీవుల్లో వలేసుకుని బతుకుతున్న వాళ్ళలో, కొత్త పడవకు గంగమ్మను పిలిచే పాట ఇప్పుడు ఆవిడ ఒక్కదానికే వచ్చు. అందులో రెండు భాగాలు. మొదటిది పాడితే అమ్మ ఘటంలోకి వస్తుంది. పూజయ్యాక రెండోది పాడి, ఆ ఘటాన్ని సముద్రంలో సాగనంపాలి. పిలిచి పంపకపోతే చుట్టాన్ని పిలిచి గుమ్మంలో నిలబెట్టినట్టే. ఆ పని చేసిన ఇంటి పడవ ఎక్కడానికి ఎవరికీ కాళ్ళు రావు.

కిందటేడు ఈ ఒడ్డుకే సినిమావాళ్ళు వచ్చారు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చినవాడు అసిరయ్య మేనల్లుడు నాగరాజు. పోర్ట్ బ్లెయిర్‌లో షూటింగులకు మనుషుల్నీ పడవల్నీ కుదిర్చే పని వాడిది. కథ కూడా వాడే చెప్పాడు. ఎప్పుడో పూర్వం ఒక రాజుగారి ఓడలు ఒక దీవికి వస్తాయట. ఆ జనం వేరు, ఈ జనం వేరు. కొట్టుకుంటారు, చివరికి ఒకరి దేవతకు ఒకరు దండం పెట్టుకుని కలిసిపోతారట. దీవి జనంగా మనవాళ్ళు, దీవి దేవతగా మన గంగమ్మ. వినడానికి ఎంత బాగుందో!

బుల్లమ్మ మాత్రం ససేమిరా అంది. పడవ లేనిదే పాటేమిటని కసిరింది. అసిరయ్య ఊరుకున్నాడా, ఆవిడ గుమ్మం అరిగేలా తిరిగాడు. దేశమంతా మన అమ్మకు చేతులెత్తుతుందనీ, ఆవిడకు చిన్నమెత్తు అవమానం జరిగినా పూచీ తనదనీ వల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. పెంచిన చేతులు కదా, కరిగిపోయింది.

షూటింగ్ రోజున వాళ్ళొక రంగేసిన ఉత్త కుండ తెచ్చిపెట్టారు. ఉత్త కుండకు పాడితే నాలుక పడిపోతుందని బుల్లమ్మ తన ఘటం తానే కట్టుకుంది. పసుపు రాసి, వేపమండలు చుట్టి, పొట్ట మీద బియ్యప్పిండితో చేపను గీసింది. వాళ్ళమ్మ నేర్పినట్టు తోక ఎడమకు వంచి మరీ గీసింది. అలా నటనకని వెళ్ళినవాళ్ళు నిజంగానే అమ్మను పిలిచేశారు. అసిరయ్య మిగతావాళ్ళతో పాటు ఒంటికి మసి పూసుకుని, నడుముకు ఆకులు కట్టుకుని నవ్వుకున్నాడు. మనం కాదులే, ఎవరో అడవి మనుషుల వేషం అనుకున్నాడు.

చీకటి పడేసరికి సముద్రం ఆటు మీద ఉంది. ఘటాన్ని పోటు మీదే పంపాలి. ఎండకు సొమ్మసిల్లిన పెద్దమ్మను అసిరయ్య ఇంటికి తీసుకెళ్ళి, ఘటం దగ్గర నాగరాజును కాపలా ఉంచాడు. తెల్లారి వాడు నవ్వుతూ వచ్చాడు. పోటు నీళ్ళు ఒడ్డెక్కి ఘటాన్ని ఎత్తుకుపోయాయని, అమ్మ తనంతట తానే వెళ్ళిపోయిందని చెప్పాడు. బుల్లమ్మ మురిసిపోయింది. ఆయమ్మకు ఎప్పుడూ తొందరేనని నవ్వింది కూడా.

సినిమా ఈ నెలలో వచ్చింది. అసిరయ్య పెద్దమ్మనీ, కాలేజీలో చదివే కూతురు అమ్ములునీ ఫెర్రీ ఎక్కించి పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళాడు. హాల్లో ఆడుతున్నది హిందీలో. ఓడల మీద వచ్చిన రాజుగారి జనం తెల్లగా, వెలుగులో ఉన్నారు. దీవి జనం చీకట్లో కళ్ళు ఎర్రగా చేసుకుని ఊగుతున్నారు. వాళ్ళలో అసిరయ్య ఉన్నాడు. తనను తాను చూసుకుని జడుసుకున్నాడు.

అప్పుడు తెర నిండా బుల్లమ్మ ముఖం. పాట ఆవిడదే, గొంతు ఆవిడదే. కింద హిందీ అక్షరాలు. అమ్ములు అవి చదివి తండ్రి చెవిలో గుసగుసలాడింది.

"పప్పా, మామ్మ రక్తం అడుగుతోందా? బలికి మనిషిని తెమ్మంటోందని రాశారు."

పాటలో ఉన్నది చేపల వేటకెళ్ళినవాళ్ళను వెళ్ళినట్టే ఒడ్డుకు చేర్చు తల్లీ అని. ఆ పాతకాలం మాటలు అమ్ములుకు తెలియవు, అక్షరాలనే నమ్మింది. అసిరయ్య నోరు తెరిచేలోగా హీరో ఓడ మీంచి ఎగిరి దూకి ఘటాన్ని కాలితో తన్నాడు. వేపమండలు చెల్లాచెదురయ్యాయి. ఎడమకు తోక వంచిన చేప తెర మీద రెండు ముక్కలైంది. హాలంతా ఈలలు. అమ్ములు కూడా చప్పట్లు కొట్టింది, తండ్రి ముఖం చూసి చేతులు ఒళ్ళో దాచుకుంది.

"ఆ సేప నాను గీసిందేరా," అంది బుల్లమ్మ.

మర్నాడు అసిరయ్య నాగరాజును జెట్టీ దగ్గర పట్టుకున్నాడు. వాడు తల కూడా దించలేదు. సినిమావాళ్ళ కుండ కెమెరాలో బొమ్మలా కనబడిందట, నిజమైనదే తన్నాలన్నారట, ఇచ్చేశాడట. కథ మొదటి రోజు నుంచీ తెలుసట.

"నీకు సెప్తే ఒప్పుకుందువేటి మావా? పిచ్చర్ అన్నాక ఎవులో ఒకలు సెడ్డోలు కావాల గదా."

"ఆ సెడ్డోలు మనమే అవ్వాలేటిరా?"

నాగరాజు ఫోన్ చూసుకున్నాడు. అసిరయ్య కొట్టడానికి ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోయింది. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాడు. వీడిని భుజాన మోసి మొదటిసారి సముద్రం చూపించింది తనే. ఆ భుజమే ఇప్పుడు మండుతోంది. వీడి మాట నమ్మే కదా తను పెద్దమ్మకు మాటిచ్చింది.

డోంగీ దించే రోజు పోటు వేళకు బుల్లమ్మ ఒడ్డుకు వచ్చింది. చేతిలో ఘటం లేదు. అసిరయ్య ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ అతన్ని తప్పించుకుని, పక్క నుంచి నడిచి మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, ఏడాదిగా మిగిలిపోయిన రెండో భాగం పాడింది. పగిలిపోయిన ఘటానికి, లేని ఘటానికి పాడింది. అమ్ములు కూడా నీళ్ళలోకి దిగి, పాట ఆగినప్పుడల్లా మామ్మను ఒక్కో మాటకూ అర్థం అడిగి తెలుసుకుంది. తెలిసిన కొద్దీ ఏడ్చింది.

పాట అయ్యాక అసిరయ్య కొత్త కుండ కడిగి, పసుపు కలిపి ఆవిడ ముందు పెట్టాడు. ఇప్పుడు మొదటి భాగం పాడితే తన డోంగీ నీళ్ళలో పడుతుంది. బుల్లమ్మ కుండను ముట్టుకోలేదు.

"ఇంక నాను పిలవన్రా అసిరయ్యా. పిలిస్తే ఆయమ్మ రాదని కాదు. నీ మాట నమ్మి నాను వొచ్చినట్టే, నా మాట నమ్మి ఆయమ్మ వొచ్చేస్తాది."

తడిసిన చీర పిండుకుంటూ ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది. పోటు నీళ్ళు డోంగీ అడుగుదాకా వచ్చి వెనక్కి పోయాయి. దాన్ని తొయ్యడానికి ఒడ్డున కూర్చున్న జనంలో ఎవరూ లేవలేదు.