కింది ఇంటి పొయ్యి

చెన్నమ్మ పేడలో ఎర్రమన్ను కలిపి పిసుకుతోంది. వేళ్ళ సందుల్లో పగుళ్ళు మండుతున్నాయి. మిట్టేమరి దగ్గర పాతకాలపు భూస్వామి జోడీదారుగారి బంగళాలో ముప్పై ఏళ్ళుగా ప్రతి గదీ ఆమె అలికిందే. ఇప్పుడు ఒక్కొక్క గదికీ సిమెంటు పడుతోంది. అలకడానికి మిగిలినవి రెండే. అవీ అయిపోతే ఆమెకు పనీ లేదు, పశువుల కొట్టంలో పడుకునే మూలా లేదు.

సిమెంటు కోసం నడిమింటిని తవ్వితే నడుములోతున ఇంకో ఇల్లు బయటపడింది. గోడల మొదళ్ళు, ఒక పొయ్యి, అలికిన నేల. పాత కట్టడాలు చూసే ఆఫీసరు బెంగళూరు నుంచి వచ్చి పొద్దున్నంతా కొలిచాడు. గోడల్లో విశేషమేమీ లేదన్నాడు. నేల మీద ఎవరివో వేళ్ళ జాడలు చూసి మాత్రం మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

"దుమ్ము మాత్రం తియ్యి చెన్నమ్మా," అన్నాడు మేస్త్రీ సీనప్ప. "రేపు ఫోటో తీస్తారంట. ఆ జాడలు ఉంటేనే నేలను ఇట్లే పెట్టేది. పెడితే దినామూ ఊడ్సేకి మనిషి కావల్ల. నీ పేరే చెప్పిండాను. సచ్చేదాకా నీకు చీపురు తప్పదు పో!"

"నీ నోట్లో చక్కెర పొయ్య!"

మధ్యాహ్నం రెండు గదులూ అలికి, మిగిలిన పేడ కుండతోనే గుంతలోకి దిగింది. మెల్లగా ఊడ్చింది. జాడలన్నీ కుడివైపుకు తిరిగి ఉన్నాయి.

"ఎడమచేతి మనిషి," అనుకుంది.

పొయ్యి దగ్గర జాడలు పొట్టివయ్యాయి. అక్కడికొచ్చేసరికి ఆ అలికిన మనిషికీ నడుము పట్టేసి ఉంటుంది. చెన్నమ్మ తన నడుము పట్టుకుని కూర్చుంది. నాగరగెరెలో తన గుడిసె వానకు కరిగిపోయిన ఏడు, మొగుడూ బిడ్డా ఒకే వారంలో పోయారు. తరువాత ఎన్ని గదులు అలికినా, తనదని ఒక పొయ్యి లేదు. ఈ పొయ్యికీ ఎవరూ లేరు. పైగా రేపు శుక్రవారం.

చెయ్యి దానంతటదే కుండలోకి పోయింది. మూల నుంచి వెనక్కి జరుగుతూ, పొయ్యి చుట్టూ తిప్పి, నేలంతా నున్నగా అలికింది.

పొద్దు వాలాక సీనప్ప వచ్చి తల పట్టుకున్నాడు. "ఎంత పని చేస్తివమ్మా! జాడలు యాడ?"

"పొయ్యుండే నేలప్పా. అలకకుండా ఎట్ల ఇడిసేది?" అంది. అతని ముఖం చూశాక గాని తను చేసిందేమిటో ఆమెకు అర్థం కాలేదు.

ఆఫీసరు కోప్పడలేదు. టేపు చుట్టుకున్నాడు. సిమెంటు వేసుకోవచ్చని కన్నడంలో చెప్పి వెళ్ళిపోయాడు. చెన్నమ్మను ఎవరూ పొమ్మనలేదు. తెల్లవారేసరికి కొట్టంలో ఆమె మూల ఖాళీగా ఉంది.

కూలీలు కంకర తట్టలతో గుంతలోకి దిగారు. పొయ్యి గట్టు మీద, ఎడమచేతికి అందేటట్టు, అంచుదాకా ముగ్గుపిండి నింపిన కొబ్బరిచిప్ప ఒకటి ఉంది.