కింది మెట్టు మీది సామాన్లు

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పైఅంతస్తుకు చేరాల్సిన వస్తువేదైనా సరే, మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు మీద పెట్టాలి. పైకి వెళ్ళేవాళ్ళు ఊరికే వెళ్ళకుండా దాన్ని చేతపట్టుకుని వెళ్ళాలి. ఆ పద్ధతి పెట్టింది ఆమే. పద్నాలుగు మెట్లెక్కేసరికి గుడ్లు తేలేసే రోజుల్లో, లోపల సిగ్గుపడుతూనే పెట్టింది. తొమ్మిదేళ్ళు అది బాగానే నడిచింది. భర్త గొణుక్కుంటూ మోశాడు, కూతురు ఫోన్లో కబుర్లాడుతూ మోసింది. ఇవాళ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ మెట్టు మీద మూడు రోజుల బట్టల మడతలు గుట్టగా ఉన్నాయి. ఆమెకు జలుబు చేసి మూడు రోజులు పైకి వెళ్ళలేదు. ఈ మూడు రోజుల్లో భర్త పదిసార్లైనా వెళ్ళి ఉంటాడు, చేతులూపుకుంటూ. కింద దుమ్మని పైగదిలో ఉండే అత్తగారు మాత్రం తన మందులు తనే దిగి వచ్చి తీసుకెళ్ళింది.

నిజం చెప్పుకోవాలంటే తప్పు ఆమెది కూడా. బరువు తగ్గడానికి కడుపుకు ఆపరేషన్ చేయించుకుని పదకొండు నెలలైంది. నాలుగో నెలలో ఒకరోజు, మధ్యలో ఎక్కడా ఆగకుండా పైమెట్టు దాకా వెళ్ళిపోయింది. వెళ్ళి, నమ్మకం కుదరక, దిగి మళ్ళీ ఎక్కింది. ఆ సంబరంలో ఎవరి చేతిలో ఏది కనిపించినా "ఇటివ్వండి, నేను తీసుకెళ్తా" అని లాక్కోవడం మొదలుపెట్టింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేల మీద నుంచి లేవడం, తన బూట్ల తాడు తనే కట్టుకోవడం, బస్సులో పక్కవాళ్ళు జరగకుండానే కూర్చోవడం. ఏ గదిలోకి వెళ్ళినా చేతుల్లేని కుర్చీ ఎక్కడుందా అని ముందు వెతుక్కున్న మనిషికి తప్ప ఆ సుఖం ఇంకెవరికి తెలుస్తుంది? ఆమె సంబరం ఇంటికి భలే కలిసొచ్చింది. కూరగాయలు తెచ్చే పని భర్త చేతుల్లోంచి ఎప్పుడు జారిపోయిందో ఎవరూ చూడలేదు. డాబా మీద బట్టలారేసే వంతు కూతురు మర్చిపోయింది. ఏమన్నా అంటే, "నీకేంటమ్మా, ఇప్పుడు లేడిపిల్లలా తిరుగుతున్నావ్!" అని మెచ్చుకోలు.

ఆడపడుచు ఫోన్లో అత్తగారితో అననే అంది, "నోరు కట్టుకుంటే సరిపోయేదానికి కడుపు కోయించుకుంది మహాతల్లి. పోనీలే, ఇకనైనా అన్నయ్య కాస్త సుఖపడతాడు" అని. స్పీకర్ ఆన్ చేసి ఉందని ఆవిడకు తెలియదు. అరచేతంత పళ్ళెంలో ఉన్న నాలుగు ముద్దలూ అరగంట నమిలి తినాలని డాక్టరమ్మ చెప్పింది. పది నిమిషాలకే లోపల్నుంచి భర్త కేక వినిపిస్తుంది, "ఇంకా తింటున్నావా?" అని. ఒకప్పుడు రెండో వడ్డన పెట్టుకుంటే "ఇంకా తింటావా?" అన్న గొంతే అది. జుట్టు రాలింది, పొట్ట మీద చర్మం వదులుగా వేలాడుతోంది. వాటికి ఆమె బాధపడలేదు. ఇన్నేళ్ళకు తిరిగొచ్చిన కాళ్ళను ఇంట్లోవాళ్ళే పంచేసుకుంటున్నారని తోచినప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

ఆమె ఉద్యోగం మంచినీళ్ళ పరీక్షాశాలలో. పెళ్ళయిన కొత్తలో ఊళ్ళోని నీళ్ళ ట్యాంకులన్నీ ఎక్కి, పరీక్షకు సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చేది. ఎక్కలేని రోజులొచ్చాక కుర్చీకి అతుక్కుపోయి, ఎవరో తెచ్చిన సీసాలకు చీటీలంటించింది. ఆఫీసంతా ఆమెను సీసాల మేడం అనడం మొదలుపెట్టింది. నిన్న పైఅధికారిణి ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "సీసాల మేడం, ట్యాంకుల డ్యూటీకి మనిషి లేరు. పొద్దున్న ఆరింటికి మొదలు. మీరు ఎక్కగలరా?" అని అడిగింది. ఆలోచించి చెప్తానందామనుకుని, "ఎక్కుతానండి" అనేసింది. మెట్టు మీద గుట్టను అలాగే వదిలేసి వంటింట్లోకి వెళ్ళిన ఆమె ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పింది.

"ఆరింటికా?" అన్నాడు భర్త. "మరి పొద్దున్నే ఇల్లెవరు చూస్తారు?"

"నా ఫ్లాస్కు పైకి ఎవరు తెస్తారమ్మాయ్?" అంది అత్తగారు.

"రేపే చేరాలి. మళ్ళీ అడగరు," అందామె. ముద్ద నెమ్మదిగా నమిలింది.

"అయినా ఆపరేషన్ చేయించుకుంది ట్యాంకులెక్కడానికా?" అన్నాడతను.

"మరి దేనికండీ?"

వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అతను నోరు తెరిచాడు. చూపు ఎందుకో మెట్ల వైపు పోయి వచ్చింది. "అంటే... ఇంట్లో అందరికీ కాస్త వీలుగా ఉంటుందని..." అని నసిగాడు. కూతురు తలెత్తి తండ్రిని చూసి, కళ్ళు మళ్ళీ పళ్ళెంలోకి దించుకుంది.

"ఆపరేషన్ జరిగింది నాకండీ. ఇంటికి కాదు."

గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం రానందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. అప్పుడు గనక బరువు చూసే యంత్రం ఎక్కి ఉంటే ఇంకో రెండు కిలోలు తగ్గినట్టు చూపించేదే. మిగిలిన రెండు ముద్దలూ తీరిగ్గా, పూర్తిగా అరగంటా తీసుకుని తింది. ఎవరూ కేకెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న ట్యాంకుకు ఎనభై ఆరు మెట్లు. నలభయ్యో మెట్టు దగ్గర ఒకసారి, డెబ్భయ్యో మెట్టు దగ్గర ఒకసారి ఆగింది. గుండె దడదడలాడింది గానీ భయం వెయ్యలేదు. పైకి చేరి, సీసాను తాడుకు కట్టి నీళ్ళలోకి దింపింది. నిండాక పైకి లాగి, మూత బిగించి, చీటీ అంటించి, మంచు పెట్టెలో పెట్టింది. పని అయిపోయింది. ఊరి కప్పులన్నీ కాళ్ళ కింద ఉన్నాయి. గాలి చల్లగా, గట్టిగా వీస్తోంది. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఏడుపొస్తుందేమో అనుకుంది, నవ్వొచ్చింది.

కింద నుంచి వాచ్‌మన్ పెద్దాయన కంగారుగా అరిచాడు. "అమ్మా! దిగలేకపోతున్నారా? ఎవరినైనా పంపమంటారా?"

ఆమె తల బయటికి పెట్టింది.

"దిగగలను బాబాయ్! కాసేపు కూర్చుని దిగుతా."