పదిహేను అడిగే చిప్పు

"...కాదమ్మా కృపా, ప్రార్థనతో మొదలెట్టమాక. ప్రార్థన తర్వాతొస్తది. ముందు చిప్పు సంగతి రాయి. మీ అక్క దాన్నే ఎందుకు ఎంచుకుందో తెలియకపోతే మిగతాదేదీ తలకెక్కదు. నిదానంగా చెప్తా, రాసుకో" అంది తల్లి.

మార్త బెంజ్ సర్కిల్ వెనక ఒక గది అద్దెకు తీసుకుని, పొలాల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లకు సర్క్యూట్ బోర్డులు తయారుచేస్తుంది. కిందటేడు ఆ గదిలో ఆమె మేనత్త అమలమ్మ కొడుకు జాన్ పాల్ కూడా ఉండేవాడు. బోర్డు ఆమెది, అమ్మకాలు అతనివి. టైప్-సి ఛార్జరుతో ఛార్జింగ్ ఎక్కే మొదటి స్ప్రేయరు తయారైనప్పుడు మార్త జ్వరంతో పడి ఉంది. జాన్ పాల్ దాన్ని కంకిపాడు చర్చిలో కోతల పండుగకు పట్టుకెళ్లాడు. మొదటి పంటలాగే మొదటి యంత్రాన్ని కూడా అక్కడ దేవుడికిస్తారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక వేలం పాడతారు. "ఇది నా కష్టఫలం అయ్యగారూ" అన్నాడతను మైకులో. ఆనక వేరే షాపు తెరిచాడు. మార్త వెళ్లి నిలదీస్తే, నలుగురి ముందూ నవ్వాడు.

"నువ్వు గీతలు గీశావు మరదలా. బుర్ర నాది."

ఆ నవ్వును ఆమె మరిచిపోలేదు. ఈ ఏడు కొత్త బోర్డు పని మొదలుపెట్టినప్పుడూ అదే గుర్తుంది.

టైప్-సి ఛార్జరు పెళ్లిభోజనంలో వడ్డించేవాడి లాంటిది. ఐదు వోల్టులున్నాయి, తొమ్మిది, పదిహేను, ఇరవై ఉన్నాయి, ఏం వెయ్యమంటారు అని అడుగుతుంది. బోర్డు మీదుండే కంట్రోలర్ చిప్పు విస్తరి ముందు కూర్చున్నవాడు. అది ఏది కోరితే ఛార్జరు అదే వడ్డిస్తుంది. మార్త బోర్డుకు పదిహేను కావాలి. అంతకు మించితే అరగదు.

కిందటేడు వాడిన చిప్పు చవకది. పక్కన ఏ రెసిస్టర్ పెడితే ఆ వోల్టేజీ అడుగుతుంది, కాబట్టి బోర్డును చూసినవాడెవడైనా కాపీ కొట్టేయొచ్చు. ఇంకోరకం చూసింది. దానికి ఏం అడగాలో వేరే ప్రాసెసరు చెబుతుండాలి. స్ప్రేయరు చెయ్యడానికి అంత హంగామా దండగ. చివరికి లోపలే చిన్న మెమరీ ఉన్న చిప్పు నచ్చింది. ఎంత అడగాలో ఒకసారి అందులో రాసిపెడితే, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా తనంతట తనే అడుగుతుంది. షాపులో కొన్నప్పుడు మాత్రం అందులో కంపెనీవాళ్లు రాసిందే ఉంటుంది: ఛార్జరు దగ్గరున్నదాంట్లో పెద్దది అడగమని.

'అచ్చం మా బావే' అనుకుని మార్త ఆర్డరు పెట్టింది.

యంత్రం మనిషి వీపు మీద ఉంటుంది. జాన్ పాల్ మీద కసి ఏ కూలివాడి వీపునో కాల్చకూడదు. అందుకని పదిహేడు వోల్టులు దాటితే కరెంటు ఆగిపోయి ఎర్రలైటు వెలిగే ఏర్పాటు కూడా బోర్డులో పెట్టింది. ఈ పనిలో ఉన్నవాళ్లంతా ఎవరూ కాపీ కొట్టకుండా చిప్పు మీద పేరును గరుకు కాగితంతో గీకేస్తారు. మార్త గీకలేదు. తన చిప్పులో పదిహేను అని రాసి, మెరిసే పేరు మెరుస్తుండగానే డబ్బా బిగించి మేనత్తకు పంపింది.

"మీ వరిచేలో కొట్టుకోండి అత్తయ్యా. కోతల పండక్కి మాత్రం చర్చికి తీసుకురండి, ప్రార్థన చేయిద్దాం."

"నీ మనసు బంగారమే తల్లీ" అంది అమలమ్మ.

చేలోకంటే ముందు అది జాన్ పాల్ స్క్రూడ్రైవరు కిందకు వెళుతుందని మార్తకు తెలుసు. ఏది చేసినా అతను జేబులోని ఫోన్ ఛార్జరుతోనే పరీక్షిస్తాడనీ తెలుసు. ఆ ఛార్జరు దగ్గర పదిహేనుకు మించి లేదు.

అలాగే జరిగింది. అతను బోర్డును గీత తప్పకుండా దింపాడు, పేరు చూసి అదే చిప్పు కొన్నాడు, తన ఛార్జరు పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. ఇక గంపెడు యంత్రాలు బిగించాడు.

కోతల పండుగనాడు గుమ్మడికాయల పక్కన, కోళ్ల పక్కన జాన్ పాల్ యంత్రం నిలబడింది. పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి మార్త లేచింది.

"వేలంపాట మొదలవకముందు ఛార్జింగ్ పెట్టి చూపించు బావా."

"అనుమానమా మరదలా?"

"అబ్బే, ముచ్చట! ఇదిగో నా లాప్‌టాప్ ఛార్జరు. ఏ టైప్-సి అయినా ఎక్కుద్దని డబ్బా మీద అచ్చేయించావుగా."

మైకు ముందు కాదనలేక అతను వైరు గుచ్చాడు. ఎర్రలైటు. తీసి తిప్పి గుచ్చాడు. మళ్లీ ఎర్రలైటే. ఆ ఛార్జరు దగ్గర ఇరవై ఉంది, చిప్పు ఇరవయ్యే అడుగుతోంది.

"అయ్యగారూ, ప్రార్థన ఇంకాస్త గట్టిగా చేయాల్సిందండీ" అన్నాడు గుమ్మడికాయల దగ్గర కూర్చున్న ముసలాయన. చర్చి గొల్లుమంది.

"ఛార్జరు పాడైంది" అన్నాడు జాన్ పాల్.

మార్త అదే వైరు తీసి మేనత్త తెచ్చిన యంత్రానికి పెట్టింది. పచ్చగా వెలిగింది.

"నీ చిప్పులో ఎంత అడగమని రాశావు బావా?"

"చిప్పులో రాయడమేంటి? చిప్పంటే చిప్పే! పేరు చూసి అదే కొన్నా..."

నాలుక కరుచుకున్నాడు కానీ మాట మైకులో వెళ్లిపోయింది.

"ఎక్కడ చూశావు పేరు?" అంది మార్త.

అమలమ్మ తన యంత్రాన్ని తిప్పి చూసింది. మరలన్నీ గీరుకుపోయి ఉన్నాయి.

"నా మిషను ఎప్పుడు విప్పావురా?" అంది.

పాస్టరుగారు జాన్ పాల్ యంత్రాన్ని కానుకల్లోంచి తీసి కింద పెట్టారు. మార్త మైకు అందుకుంది.

"పోయినేడు ఇక్కడ వేలం పాడిన మిషను కూడా నాదేనండీ."

జాన్ పాల్ చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. అమ్ముడుపోయినవన్నీ షాపుకు తిరిగొచ్చాయి. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు.

"చిప్పులో అంకె రాయడం చిటికెలో పని మరదలా. సాయం చెయ్యవా?"

"చేస్తా బావా. చర్చిలో, మైకులో, బుర్ర ఎవరిదో చెప్పు. నీ చిప్పులన్నిటికీ అడగడం నేర్పుతా."

ఇంతవరకు రాలేదు.

"అక్కడికి ఆపమ్మా కృపా. ఇది మీ జాన్ పాల్ బావకి చదివి వినిపించు. ఫోనెత్తకపోతే మీ అత్తయ్య ఫోనుకి చేసి స్పీకరు పెట్టించు. ఎర్రలైటు దగ్గరికొచ్చినప్పుడు ఆగి, ఇంకోసారి చదువు."